విమానశ్రేణుల విన్యాసము: మెప్పునకు కొలత యేది?

ప్రతి విద్యకును ఒక కొలత కలదు. గాయకుని శ్రుతితోను తాళముతోను కొలుతురు. అవధానిని ధారణతో కొలుతురు. బండలాగు ఎడ్లజోడును అది లాగిన దూరముతో కొలుతురు. కొలత తెలిసిన సభలో విద్య వృద్ధినొందును. కొలత తెలియని సభలో కేక వేయువాడే గాయకుడని పేరు వడయును. కొరడా ఝళిపించువాడే మొనగాడగును. ఆకాశమున జరుగు ఒక విద్యకు ఈ మాట మిక్కిలిగ వర్తించుచున్నది. అది పాతకాలపు యుద్ధవిమానములు రెక్కకు రెక్క చేర్చి శ్రేణులుగ నెగురు విద్య. దానిని చూచి చప్పట్లు కొట్టువారు లక్షలు. ఏమి చూచి మెచ్చుకొనవలెనో ఎఱిగినవారు కొలదిమంది. ఈ కొలతలో పొరపాటు కలిగినపుడు చెడునది అభిరుచి మాత్రమే యైనచో మేమింతగా వ్రాయబోము. ఆ పొరపాటునకు ప్రాణములు బలియగుచున్నవి. కావున ఈ విషయమును పాఠకుల యెదుట ఉంచుట యుక్తమని తలంచితిమి.

ఇంగ్లండులోను అమెరికాలోను విశేషముగ జరుగు ఈ ప్రదర్శనములతో తెలుగువారికేమి పని యని కొందఱు అడుగవచ్చును. సంబంధము లేకపోలేదు. 1940 సంవత్సరమున బ్రిటనుపై జరిగిన గగనయుద్ధమున స్పిట్‌ఫైరు విమానములను నడిపిన 152వ దళమునకు ‘హైదరాబాదు’ అని పేరు. నిజాము చేసిన ధనసహాయమునకు గుర్తుగ ఆ దళపు చిహ్నమున నిజాము శిరోవేష్టనము నిలిచినది. హరికేను విమానములను నడిపిన 253వ దళమునకు ‘హైదరాబాదు సంస్థానము’ అని పేరు. 234, 264 సంఖ్యలుగల దళములు ‘మద్రాసు ప్రెసిడెన్సీ’ పేరు ధరించినవి. అప్పటి ప్రెసిడెన్సీలో మన సర్కారు జిల్లాలును రాయలసీమయు చేరియుండెనని పాఠకు లెఱుగుదురు. నిజాము బొక్కసమును నింపినవారిలో తెలంగాణపు రైతులు నుండిరనియు వేఱుగ చెప్ప నక్కఱలేదు. ఆ యుద్ధము మనలనడిగి ఆరంభింపబడినది కాదు. అయినను దాని ఖర్చులో మన వంతు కలదు. నేడు ఒక పాత స్పిట్‌ఫైరు విదేశాకాశమున నెగురునపుడు దానిని పరాయి వస్తువుగ మాత్రమే చూడనక్కఱలేదు.

యుద్ధము ముగిసిన పిమ్మట ఆ విమానములలో అధికభాగము లోహపు ధరకు అమ్ముడుపోయి కరగింపబడినవి. మిగిలిన కొలదివానిని ప్రభుత్వములును, ఉత్సాహవంతులైన గృహస్థులును వెదకి, బాగుచేసి, మఱల నెగురజేసిరి. బ్రిటిషు వైమానికదళము 1957లో బిగ్గిన్ హిల్ స్థావరమున ఇందులకై ఒక ప్రత్యేక శాఖను నెలకొల్పెను. ఆ శాఖయే నేడు కానింగ్స్‌బీ కేంద్రముగ లాంకాస్టరు, స్పిట్‌ఫైరు, హరికేను విమానములను కాపాడుచున్నది. డక్స్‌ఫర్డ్‌లోను, అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రమందలి ఆష్‌కాష్‌లోను జరుగు ప్రదర్శనములు లోకప్రసిద్ధములు. ఈ విమానములెంత అరుదైనవో ఒక్క లెక్క చెప్పుదుము. లాంకాస్టరులు మొత్తము 7,377 నిర్మింపబడినవి. వానిలో నేడు ఎగురగలవి రెండే. ఒకటి ఇంగ్లండున, మఱొకటి కెనడాలో. 2014లో కెనడా విమానము సముద్రము దాటి ఇంగ్లండునకు వచ్చెను. ఆ రెండును ప్రక్కప్రక్కల నెగురగా జనులు కన్నులార చూచిరి. ఆ రెండు రెక్కల నడుమనున్న ఎడము ఒక్క క్షణము చెదరియుండినచో లాంకాస్టరన్నది ఆకాశమునుండి శాశ్వతముగ తొలగిపోయి యుండెడిది. లోపలి మనుష్యుల ప్రాణముల మాట చెప్పనేల?

ఇట్టి విమానములను నేలమీద పరీక్షించుటకు తీర్పరులున్నారు. ఆష్‌కాష్‌లో ఏటేట నిపుణులు ఒక్కొక్క పాతవిమానము చుట్టును తిరిగి, రంగు మొదలు మరల వఱకు చూచి, పూర్వరూపమునకు ఎంత దగ్గరగ బాగుచేయబడినదో నిర్ణయించి బహుమతు లిచ్చుచున్నారు. ఆకాశమున శ్రేణిగ నెగురుటకు పోటీలును లేకపోలేదు. ఇల్లినాయి రాష్ట్రమున గేల్స్‌బర్గ్ పట్టణమందు 1972 నుండి స్టియర్మను జాతి శిక్షణవిమానముల మేళము జరుగుచున్నది. అందు శ్రేణివిన్యాసమునకును పోటీ కలదు. కాని పెక్కు ప్రదర్శనములలో తీర్పరి యెవరు? పచ్చికమీద కూర్చుండి తల పైకెత్తి చూచు జనసమూహమే తీర్పరి. దాని తీర్పు చప్పట్లు. ఆ చప్పట్లు ఎక్కువగ దేనికి మ్రోగుచున్నవి? విమానములు ఎంత దగ్గరగ వచ్చినచో అంత గట్టిగ మ్రోగుచున్నవి. మా తగవు ఇచ్చటనే.

దగ్గరితనము ఎందుకు మంచి కొలత కాజాలదో తెలియవలెనన్నచో శ్రేణి యెట్లు నిలుచునో ముందుగ తెలిసికొనవలెను. శ్రేణిలో నాయకుడొక్కడే దారి చూచును. తక్కినవారు నాయకుని చూతురు. అనుచరుడు నాయకుని విమానముమీద రెండు గుర్తులను, ఒకటి రెక్కమీదను ఒకటి దేహముమీదను, ఏర్పఱచుకొని, తన కన్నులకు అవి రెండును ఎల్లప్పుడు ఒకే వరుసలో కుదిరియుండునట్లు తన విమానమును నడుపును. గుర్తులు కుదిరియున్నంతవఱకు అతడు తన చోట నున్నాడు. కొంచెము జరిగినచో ఇంజను మీటను వెండ్రుకవాసి కదలించి సరిదిద్దుకొనును. పాతవిమానమున ఇంజను బలము మార్చిన తోడనే ప్రొపెల్లరు విసురు మాఱి ముక్కు ప్రక్కకు లాగును. దానిని కాలితో చుక్కానిని త్రొక్కి అణచవలెను. ఇట్లు చేయి యొకటి మీటమీదను, చేయి యొకటి కఱ్ఱమీదను, కాళ్ళు చుక్కానిమీదను, కన్నులు నాయకునిమీదను ఉంచి నిమిషమునకు పెక్కుమార్లు దిద్దుకొనుచు పోవుటయే శ్రేణిగ నెగురుట. క్రిందనుండి చూచువారికి మేకులు కొట్టి నిలిపినట్లు కనబడు విమానము లోపల ఒక్క క్షణమును విశ్రాంతి లేదు.

లెక్కలు చూతము. గంటకు 180 మైళ్ళ వేగమున పోవు విమానము ఒక్క సెకండులో 264 అడుగులు పోవును. ప్రక్క విమానమునకును దానికిని గంటకు రెండు మైళ్ళ వేగభేదము కలిగినచో సెకండునకు దాదాపు మూడడుగుల చొప్పున ఎడము మాఱును. పదియడుగుల ఎడము నాలుగు సెకండులలో తీఱిపోవును. తప్పును కనుగొని, చేయి కదలించి, బరువైన యంత్రము ఆ మాట వినువఱకు పట్టు కాలము కూడ ఈ నాలుగు సెకండులలోనిదే. మలుపులో కష్టము హెచ్చును. మూడువేల అడుగుల వ్యాసార్ధముతో శ్రేణి తిరుగుచున్నదనుకొందము. నాయకునికి అఱువది అడుగులు వెలుపల నున్నవాడు స్థూలముగ గంటకు 184 మైళ్ళ వేగమునను, అంతే లోపల నున్నవాడు 176 మైళ్ళ వేగమునను పోవలెను. కళ్ళమున బంతి త్రిప్పించిన రైతునకు ఇది క్రొత్త సంగతి కాదు. గుంజకు దగ్గరనున్న యెద్దు మెల్లగను, వెలుపలి యెద్దు వడిగను నడచిననే బంతి చెదరక తిరుగును. వెలుపలి యెద్దు వెనుకబడినచో పలుపు బిగియును. ఆకాశమున పలుపు లేదు. చోదకుని కన్నే పలుపు.

ఇంగ్లండున హెండన్ మైదానమున 1920 మొదలు 1937 వఱకు ఏటేట వైమానికదళపు ప్రదర్శనములు జరిగెను. అచ్చట 25వ దళమువారు తమ ఫ్యూరీ విమానములను త్రాళ్ళతో ఒకదానికొకటి ముడివేసికొని, త్రాడు తెగకుండ విన్యాసములు చేసి చూపిరి. అంతకంటె నిష్పక్షపాతియైన తీర్పరి మఱొకడు లేడు. త్రాడు తెగినచో తప్పు, తెగనిచో ఒప్పు. ఈ దృష్టాంతమున ఒక సూక్ష్మము కలదు. త్రాడు దగ్గరకు వచ్చినవానిని మెచ్చుకొనదు. మిక్కిలి దగ్గరకు వచ్చినచో అది వ్రేలాడును. మిక్కిలి దూరముగ పోయినచో తెగును. ముందుగ నిర్ణయించుకొన్న ఎడమును మొదటినుండి చివఱవఱకు నిలిపినవాడే ఆ పరీక్షలో నెగ్గును. శ్రేణివిద్యకు సరియైన కొలత ఇదియే యని మా అభిప్రాయము. పదియడుగులని చెప్పి పదియడుగులు నిలిపినవాడు, ఐదడుగులకు వచ్చి మఱల ఇరువదికి పోయినవానికంటె అన్నివిధముల ఘనుడు.

చూచువాని కన్ను ఈ విషయమున సులభముగ మోసపోవును. వేయి అడుగుల దూరమున తొమ్మిది అడుగుల తప్పు మన కంటికి పూర్ణచంద్రుని వెడల్పంత కనబడును. అదే తప్పు మన వైపునకో, మనకు ఆవలి వైపునకో జరిగినదైనచో కంటికి తోచనే తోచదు. ప్రక్కనుండి చూచువానికి ముందువెనుకల తప్పును, పైక్రిందుల తప్పును కనబడును గాని ప్రక్కలకు జరిగిన తప్పు కనబడదు. అది తెలియవలెనన్నచో శ్రేణి నడినెత్తిమీదుగ పోవుచోట నిలిచి చూడవలెను. కావున ఒక్క తీర్పరి చాలడు. ఒకడు ప్రక్కను, ఒకడు క్రిందను ఉండవలెను. ఛాయాచిత్రముల మాట మఱియు చిత్రమైనది. దూరమునుండి చూపు కటకముతో తీసిన చిత్రమున ముందున్న విమానమును వెనుకనున్న విమానమును అంటుకొన్నట్లు అగుపించును. పత్రికలలో ముద్రితమగు చిత్రములను చూచి, అంగుళముల ఎడమున నెగిరిరని వ్రాయుట తఱచు సత్యదూరము. అంగుళముల లెక్కతో ప్రసిద్ధికెక్కినవి అమెరికా నౌకాదళపు బ్లూ ఏంజెల్స్ వంటి జెట్టు విమానముల జట్లు. ఒకే జాతి విమానములను ఏడాది పొడవునను అభ్యాసము చేయు ఆ జట్లతో ఎనుబదియేండ్ల ముసలి విమానములను పోల్చుట న్యాయము కాదు.

పాతవిమానముల శ్రేణులలో తఱచు వేఱువేఱు జాతులు కలియును. లాంకాస్టరు రెక్కల వెడల్పు 102 అడుగులు. నాలుగింజనుల బరువైన యంత్రము. దాని రెండు ప్రక్కలను ఎగురు స్పిట్‌ఫైరు వెడల్పు 37 అడుగులకు లోపు, హరికేను వెడల్పు 40 అడుగులు. ఒకదానికి సుఖమైన వేగము మఱొకదానికి నిదానము. పెద్దది తేలికగ తిరుగజాలదు. చిన్నవి తేలికగ నాగజాలవు. స్పిట్‌ఫైరు ముక్కు పొడవైనది; చోదకునికి ముందును క్రిందును చాలభాగము కనబడదు. ఇట్టి శ్రేణికి తీర్పు చెప్పువాడు, తొమ్మిది ఒకే జాతి జెట్టుల గీత వంటి తీర్పును కోరరాదు. ఏనుగు ప్రక్కన గుఱ్ఱములను నడిపించు ఊరేగింపులో గుఱ్ఱములు చిందులు త్రొక్కకుండుటయే ఘనత.

మఱి ఏమి చూడవలెను? మొదట నాయకుని చూడవలెను. తొలిచాలు వంకరయైనచో పొలమంతయు వంకరయే. నాయకుడు మెల్లగ తిరుగుచు, వేగమును మార్చక, ముందుగ తెలిపి మార్పులు చేయుచున్నచో అనుచరులు నిలకడగ నుందురు. నాయకుడు తటాలున తిరిగినచో మొదటి అనుచరుడు కొంచెము తడబడును, రెండవవాడు అంతకంటె తడబడును, చివఱివాడు కొరడా కొనవలె విసిరివేయబడును. జనులు చివఱివానిని నిందింతురు, దోషము మొదటివానిది. రెండవది నిలకడ. శ్రేణి వచ్చునపుడు కనబడిన ఆకారము, మన యెదుట నున్నపుడును, పోవునపుడును అదే యున్నదా? మూడవది మార్పు. బాణపుమొన ఆకారమునుండి వజ్రాకృతికో, మెట్లవరుసకో, ఒకరివెనుక నొకరు బారుగనో మాఱునపుడు ఒక్కొక్కడు తన వంతున, ఇతరుని దారికి అడ్డుపోక, కదలవలెను. నాలుగవది కలియుటయు విడిపోవుటయు. విన్యాసపు అందమంతయు నడుమ నుండును గాని అపాయమంతయు ఈ రెండు చివఱల నుండును. ఐదవది వేళ. చెప్పిన చోటికి చెప్పిన సెకండునకు వచ్చుట కూడ సూక్ష్మతయే. మన గణతంత్రదినోత్సవమున వందనవేదిక మీదుగ పోవు శ్రేణులకు ఇది ముఖ్యపరీక్ష.

విడిపోవునపుడు అపాయము హెచ్చని మేము ఊహించి వ్రాయుట లేదు. 2011 జూలై 10వ తేదీన డక్స్‌ఫర్డ్‌లో శ్రేణినుండి విడివడు వేళ ఒక ముస్టాంగు విమానమును ఒక స్కైరైడరు ఢీకొనెను. ముస్టాంగు చోదకుడు గొడుగు సాయమున దిగి బ్రతికెను. స్కైరైడరు రెక్క కొన పోగొట్టుకొనియు క్షేమముగ వ్రాలెను. దైవము కాపాడెనని చెప్పవలసినదే. విన్యాసమంతయు ముగిసినదని జనులు చేతులు దించు వేళలోనే ఆ ప్రమాదము జరిగెనని గమనింపవలెను. చప్పట్లు ముగిసినను తీర్పరి పని ముగియలేదు.

2022 నవంబరు 12వ తేదీ సంగతి ఇంతకంటె దుఃఖకరము. అమెరికాలో డల్లాస్ నగరమున జరిగిన ప్రదర్శనమందు బి-17 అను నాలుగింజనుల బాంబరును పి-63 కింగ్‌కోబ్రా అను యుద్ధవిమానము ఢీకొనగా ఆఱుగురు మరణించిరి. బాంబరున ఐదుగురు, చిన్న విమానమున ఒకరు. ఐదు బాంబరుల వరుస ఒకటి, మూడు యుద్ధవిమానముల వరుస ఒకటి ఆకాశమున నుండెను. బాంబరుల వరుసకు వేయి అడుగుల గీతయు, యుద్ధవిమానముల వరుసకు ఐదువందల అడుగుల గీతయు దారిగ చూపబడెను. యుద్ధవిమానములను బారుగ మాఱి బాంబరుల ముందునకు పొమ్మని క్రిందినుండి ఆజ్ఞ వచ్చెను. ఆ బారులో మూడవదియైన పి-63 ఎడమకు ఒరిగి తిరుగుచు, రెక్కల వెనుక భాగమున బాంబరును తాకెను. ఎవరు ఏ యెత్తున నుండవలెనో ముందుగ నిర్ణయింపబడలేదు, పైనుండగను నిర్ణయింపబడలేదు. అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి 2024లో తన తుది నిర్ణయమును ప్రకటించెను. విమానముల నడుమ ఎడము నిలుపుటకు తగిన యేర్పాటును నిర్వాహకులును, ఆకాశవిన్యాసమును నడిపించు అధికారియు ముందుగ చర్చించి సిద్ధపఱచకపోవుటయు, అప్పటికప్పుడు ఇచ్చు ఆజ్ఞలమీదను చోదకుల చూపుమీదను ఆధారపడుటయు కారణములని ఆ నిర్ణయపు సారాంశము.

ఇందలి నీతి స్పష్టముగ నున్నది. ఆ దినమున ఒక్కొక్క వరుస తనలోతాను ఎంత చక్కగ నున్నదను ప్రశ్నకు అర్థమే లేకపోయెను. వరుసకును వరుసకును నడుమ నుండవలసిన ఎడమును ఎవరును కాగితముమీద గీయలేదు. సూక్ష్మత అనునది చోదకుని చేతివ్రేళ్ళలో పుట్టునని జనులు తలంతురు. అది నేలమీద, బల్లచుట్టు కూర్చుండి, నీవెక్కడ, నేనెక్కడ, నీవు కనబడనిచో నేనేమి చేయుదును అని చర్చించుకొను గంటలో పుట్టును. ఆ చర్చ లేని శ్రేణి ఎంత ముచ్చటగ కనబడినను సూక్ష్మమైనది కాదు, అదృష్టవంతమైనది మాత్రమే. అమెరికాలో ఈ అవసరమును గుర్తించియే పాతవిమానముల సంఘములు ఫాస్ట్ అను ఏర్పాటు క్రింద శ్రేణిచోదకులకు పరీక్షలు పెట్టి, అనుచరునికొక పత్రమును, నాయకునికి వేఱొక పత్రమును ఇచ్చుచున్నవి. నాయకత్వమును వేఱు విద్యగ నెంచుట మిక్కిలి మెచ్చదగినది.

తెలుగుదేశమునకు ఇట్టి దుఃఖము తెలియనిది కాదు. 2010 మార్చి 3వ తేదీన బేగంపేట విమానాశ్రయమున జరిగిన ప్రదర్శనమందు మన నౌకాదళపు సాగర్ పవన్ జట్టునకు చెందిన కిరణ్ విమానమొకటి బోయినపల్లిలో ఇండ్లమీద కూలి, అందలి ఇద్దరు అధికారులును మరణించిరి. ఆ జట్టు పాతవిమానములది కాకపోయినను, చూడవచ్చినవారి కన్నులయెదుట జరిగిన ఆ విషాదము ఈ విద్యకు చెల్లింపవలసిన మూల్యమును మనకు నేర్పినది.

దగ్గరగ నెగురుటయే ఘనతయను భ్రమ యుద్ధకాలమునను ప్రాణములు తీసినది. 1940లో బ్రిటిషువారు మూడేసి విమానములను బాణపుమొనవలె బిగించి నడుపుచుండిరి. దానికి ‘విక్’ అని పేరు. కవాతునకు అది చూడచక్కని ఆకారము. కాని అనుచరులిద్దరును నాయకుని రెక్కను తాకకుండ చూచుకొనుటలోనే మునిగియుండిరి. వెనుకనుండి వచ్చు శత్రువును చూచువాడు లేకపోయెను. స్పెయిను అంతర్యుద్ధమున అనుభవము గడించిన జర్మనులు జంటలుగను, చేతి నాలుగు వ్రేళ్ళ కొనలవలె నలుగురుగను, విశాలమైన ఎడముతో ఎగురుట నేర్చియుండిరి. బ్రిటిషువారి బిగువైన వరుసలను వారు మూర్ఖుల వరుసలని పరిహసించిరి. పెక్కు ప్రాణములు పోయిన పిమ్మట బ్రిటిషువారును ఆ విశాలమైన పద్ధతినే అవలంబించిరి. ఎడమనునది ప్రయోజనమునుబట్టి నిర్ణయింపవలసినది గాని, పౌరుషమునుబట్టి నిర్ణయింపవలసినది కాదు. యుద్ధమున ప్రయోజనము శత్రువును చూచుట. ప్రదర్శనమున ప్రయోజనము అందమును చూపి, అందఱును క్షేమముగ దిగుట.

అపాయము లేనిచో చూచుటకేమున్నదని కొందఱు వాదింతురు. గడమీద నాడువాడు పడునేమో యను భయముతో చూచుట ఒక విధమైన వేడుక. వాని కాలి పట్టును చూచి ఆనందించుట మఱొక విధమైనది. మొదటిది చూచుటకు విద్య నక్కఱలేదు. రెండవది చూచినవాడే వానికి గౌరవము చేసినవాడు. మఱికొందఱు, ఇంత భయమున్నచో ఈ విమానములను ప్రదర్శనశాలలో నుంచి తాళము వేయరాదా యందురు. మేము దానికిని ఒప్పుకొనము. విగ్రహమును చూచి స్వరమును వినలేము. మెర్లిన్ ఇంజను మ్రోతను ఆకాశమునుండి వినిన బాలుడు చరిత్రపుస్తకమును వేఱు కన్నుతో చదువును. ఎగురవలసినదే, అయితే ఎగురువారు దేనికి మెప్పు పొందుదురో చూచువారు నిర్ణయింపవలెను.

మాకే తీర్పరితనము లభించినచో నూఱు మార్కులను ఇట్లు పంచుదుము. నిలకడకు ముప్పది. నాయకత్వమునకు ఇరువదియైదు. ఆకారములు మార్చుటకు ఇరువది. కలియుటకును విడిపోవుటకును పదునైదు. వేళకు పది. దగ్గరితనమునకు వేఱుగ ఒక్క మార్కైనను లేదు. జట్టువారు ఎగురుటకు ముందే తమ ఎడమును వ్రాసి యిచ్చి, దానిని నిలిపినచో నిలకడ మార్కులు పొందుదురు. జనులవైపు నిర్ణయింపబడిన గీతను దాటినచో, నాయకుడు కనబడకపోయినను శ్రేణిని విడువక సాహసించినచో, ఎంత చక్కగ నెగిరినను ఆ జట్టునకు సున్న.

విడిచిపోవుట కూడ సూక్ష్మతయే యని చెప్పుటకు ఒక మంచి ఉదాహరణము కలదు. 2015 మే 8వ తేదీన, యూరపులో యుద్ధము ముగిసిన డెబ్బదియేండ్ల పండుగకు, వాషింగ్టన్ నగరముమీదుగ 56 పాతవిమానములు పదునైదు శ్రేణులుగ పోయినవి. వానిలో అవెంజరు అను విమానమొకటి పొగ కమ్ముకొనగా, శ్రేణిని విడిచి సమీపమున నున్న జాతీయ విమానాశ్రయమున వ్రాలెను. ఎవరికిని హాని కలుగలేదు. తక్కిన ఊరేగింపు సాగిపోయెను. ఆకారమున ఒక ఖాళీ యేర్పడినదని మార్కులు తగ్గించు తీర్పరి తీర్పరి కాడు. ఆ దినపు విన్యాసములలో ఆ ఖాళీయే అన్నిటికంటె మెచ్చదగినదని మా తలంపు.

మన దేశమునను ఈ విద్య వేళ్ళు నాటుకొనుచున్నది. ఇంగ్లండున బాగుచేయబడిన ఒక డకోటా విమానమును 2018లో మన వైమానికదళము కానుకగ పొందెను. 1947 అక్టోబరు 27వ తేదీన శ్రీనగరమునకు సైనికులను చేర్చిన డకోటా జ్ఞాపకార్థము దానికి విపి 905 అను సంఖ్యయు, పరశురామ అను పేరును పెట్టిరి. 2021 గణతంత్రదినోత్సవమున అది రెండు హెలికాప్టరుల నడుమను, 2022లో రెండు డోర్నియరుల నడుమను బాణపుమొన ఆకారమున ఢిల్లీమీదుగ నెగిరెను. 95 అడుగుల రెక్కలుగల ఆ వృద్ధవిమానమును నాయకునిగ నుంచి క్రొత్తవి ఇరుప్రక్కల నడచుట చూచినవారు అందు దగ్గరితనమును వెదకియుండరు, మర్యాదను చూచియుందురు. హైదరాబాదు చెంతనున్న దుండిగల్ అకాడమీలో పట్టముల పండుగనాడు విమానశ్రేణులు పోవునపుడు వేలకొలది తల్లిదండ్రులు తలలెత్తి చూచుచున్నారు. వారిలో తెలుగువారును కలరు.

పాఠకులు ఇట్టి సందర్భమున ఎప్పుడైన మైదానమున నుండుట తటస్థించినచో, ఎంత దగ్గరగ వచ్చిరని ప్రక్కవానిని అడుగకుందురుగాక. వచ్చిన ఆకారముననే పోయిరా, నాయకుడు నెమ్మదిగ తిరిగెనా, విడిపోవునపుడు ఒక్కొక్కడు తన వంతు వేచెనా యని చూతురుగాక. చివఱి విమానము నేల తాకి ఆగినపుడు చేతులు కలిపి చప్పట్లు కొట్టుదురుగాక. జనులు దేనిని మెచ్చుకొందురో ఆ గుణమే వృద్ధినొందును. మన చప్పట్లు నిలకడకు మ్రోగినచో చోదకులు నిలకడనే అభ్యసింతురు. ఆ ముసలి విమానములును, వానిని నడుపు మనుష్యులును, మఱుసటి యేడు మఱల మన కంటబడుదురు.